పన్ను గుంతలో సొంత రక్తం

పన్ను పీకాక డాక్టరు గాజుగుడ్డ మడిచి పెట్టి, అరగంటసేపు గట్టిగా కరిచిపట్టుకోమంటాడు. రక్తం ఆగడానికే అనుకుంటాం. ఆగితే చాలదు, ఆ రక్తం గుంత నిండా గడ్డకట్టి అక్కడే కూర్చోవాలి. మూడో రోజుకల్లా ఆ గడ్డ ఊడిపోయిందంటే లోపలి ఎముక బయటపడి, చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది. డాక్టర్లు దాన్ని డ్రై సాకెట్ అంటారు. అది పడ్డవాళ్లు ఏమంటారో పత్రికలో రాయడం కుదరదు.

కాలు విరిగినా కథ ఇలాగే మొదలవుతుంది. విరిగిన రెండు కొసల మధ్య రక్తం చేరి గడ్డకడుతుంది. అందులో చిక్కుకున్న ప్లేట్‌లెట్లు తమలో దాచుకున్న మాంసకృత్తులను వదులుతాయి. వాటి పిలుపు అందుకుని మరమ్మతు కణాలు వస్తాయి. రెండు మూడు వారాల్లో మెత్తటి అతుకు పడుతుంది, నెలల మీద అది గట్టిపడి ఎముకవుతుంది. ఆ తొలి గడ్డను తీసేస్తే ఎముక సరిగా అతకదని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా.

శరీరం ఎలాగూ చేసుకుంటున్న ఈ పనిలో మనమూ ఓ చెయ్యి వేద్దాం, రక్తంలో పనికొచ్చే భాగాన్ని వేరుచేసి, చిక్కబరిచి, కావలసిన చోటే పెడదాం అన్న ఆలోచన గట్టిగా నిలబడింది 1998లో. అమెరికాలోని మయామిలో రాబర్ట్ మార్క్స్ అనే దవడ సర్జన్, ఆయన బృందం 88 మంది రోగుల మీద చేసిన పని ప్రచురించారు. దవడకు ఎముక ముక్కలు అతికేటప్పుడు ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను, అంటే పీఆర్‌పీని కలిపితే, ఎక్స్‌రేలో ఆ ఎముక 1.62 నుంచి 2.16 రెట్లు ముదిరినట్టు కనబడిందన్నారు. తర్వాత చేసినవాళ్లందరికీ అంత ఫలితం రాలేదు. 2001లో ఫ్రాన్సులో జోసెఫ్ షుక్రూన్ మరో దారి చూపించాడు. ఏ మందూ కలపకుండా, రక్తాన్ని దాని మానాన దాన్ని గడ్డకట్టనిస్తూనే గిర్రున తిప్పడం. అలా వచ్చేదే పీఆర్‌ఎఫ్. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఇరుక్కుని ఉన్న ఫైబ్రిన్ గడ్డ అన్నమాట. ఈ వ్యాసం ప్రధానంగా దాని తయారీ గురించే.

నిజామాబాద్‌లో ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. ఇందూరు అని కూడా పిలిచే ఈ ఊరికి వైద్యమంటే ఆస్పత్రుల పేట ఖలీల్‌వాడి. జిల్లా నలుమూలల నుంచి జనం బస్సు దిగి అటే నడుస్తారు. ఊరిని ఆనుకున్న మల్లారంలో దంతవైద్య కళాశాల కూడా ఉంది. ఇక పళ్లు పాడుచేసుకోవడానికి కావలసినవన్నీ చుట్టూ ఉన్నాయి. ఇది బీడీల జిల్లా. చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, తాగేది ఎక్కువగా మగవాళ్లు. మధుమేహం ఊరూరా ఉంది. చెరుకు ఫ్యాక్టరీకీ దీనికీ ముడిపెట్టి ఎకసెక్కాలాడేవాళ్లున్నారు గానీ, 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ గానుగ 2015 చివర్లోనే ఆగిపోయింది, ఈ రోగం మాత్రం ఆగలేదు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం.

ముందు ప్రశ్నలు, తర్వాతే సూది

వర్ని వైపు నుంచి ఒక రైతు వచ్చాడనుకుందాం. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు మానేసి వరికి మళ్లిన మనిషి, యాభై దాటినవాడు. కింది దవడలో కుడివైపు పెద్ద పన్ను వేర్లదాకా పుచ్చింది, పీకక తప్పదు. కొన్ని నెలల తర్వాత అక్కడ టైటానియం మర బిగించి కొత్త పన్ను, అంటే ఇంప్లాంట్, పెట్టించుకోవాలని ఆశ. దానికి కింద ఎముక మిగలాలి కదా. పన్ను పోయిన చోట ఏడాది తిరిగేసరికి దవడ వెడల్పు దాదాపు సగం తగ్గుతుంది. ఆ తగ్గడంలో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. గుంతను ఉత్తగా వదిలేయకుండా ఏదో ఒకటి నింపాలని డాక్టరు అనడం అందుకే.

“ఏం సార్, నా రక్తం దీసి నా పంటి సందులనే పెడ్తరా?”

“అవును కాకా. బయటిది ఒక్క చుక్క గూడ కలపం.”

“గట్లయితే మంచిదే. ఇంకొకలది, ఇంకొకదానిది ఏం లేదు గద?”

ఆ చివరి ప్రశ్న ఉత్త చాదస్తం కాదు. ఎముక స్థానంలో పెట్టే పొడుల్లో కొన్ని పశువుల ఎముక నుంచి తయారైనవి, కొన్ని దాతలు ఇచ్చిన మనిషి ఎముక నుంచి వచ్చినవి. మనిషి ఎముక అయితే మన దేశపు దంతవైద్యుల్లో చాలామంది ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి టిష్యూ బ్యాంకు నుంచి తెప్పించుకుంటారు. గామా కిరణాలతో శుద్ధిచేసి పంపుతారు. ఎవరి నమ్మకాలు వారివి. ఏ పొడి ఎక్కడిదో రోగికి ముందే చెప్పడం డాక్టరు ధర్మం, అడగడం రోగి హక్కు. సొంత రక్తంతో ఈ పేచీ రాదు.

“షుగరున్నదా?” “ఉన్నది సార్, గోలీలు ఏసుకుంటున్న.” “బీడీ?” “రోజుకొక కట్ట.” ఈ రెండు జవాబుల బరువు ముందు ముందు తెలుస్తుంది.

రాయించే పరీక్షలు మామూలివే. రక్తకణాల లెక్క, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తం గడ్డకట్టే వ్యవధి, హెచ్ఐవీ, కామెర్ల వైరస్‌ల పరీక్షలు. హెచ్‌బీఏ1సీ 7 లోపుంటే నిశ్చింత. 8 దాటితే ముందు చక్కెర దించుకుని రమ్మని పంపించే డాక్టరు మంచివాడు. మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. వానాకాలంలో డెంగీ వచ్చి లేచినవాళ్లయితే ఆ లెక్క మళ్లీ మామూలుకు వచ్చేదాకా ఆగాలి. ప్లేట్‌లెట్లే లేని రక్తంతో పీఆర్‌ఎఫ్ చేయడం దండగ.

గుండెకు స్టెంటు పడి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు వాటిని సొంతంగా మానేసి రాకూడదు. ఆ గోలీలు ఉన్నా ఈ గడ్డ సాధారణంగా తయారవుతుంది. వార్ఫరిన్ వాడేవాళ్లకు, డయాలిసిస్‌లో హెపారిన్ ఎక్కించుకున్నవాళ్లకు మాత్రం గడ్డ ఆలస్యంగా కడుతుంది, ఒక్కోసారి కట్టనే కట్టదు. ఇంకొకటి చాలామంది చెప్పడం మరిచిపోతారు. ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ చేయించుకునే పెద్దావిడలు, క్యాన్సర్ ఎముకకు పాకి అదే మందు తీసుకునేవాళ్లు పన్ను పీకించుకుంటే దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. ఆ చీటీ డాక్టరుకు చూపకుండా కుర్చీ ఎక్కకూడదు.

సూది నుంచి యంత్రం దాకా

ఇక్కడినుంచి గడియారం మీద ఓ కన్ను ఉండాలి. రక్తం తీసే ముందే అన్నీ అమర్చుకోవాలి. బల్ల మీద చిన్న సెంట్రిఫ్యూజ్ యంత్రం, దాని మూత తెరిచి, వేగం, సమయం ముందే నొక్కి. మన ఊళ్లలో ల్యాబుల్లో ఎక్కువగా కనబడే రెమీ యంత్రమైనా, ప్రత్యేకంగా పీఆర్‌ఎఫ్ కోసమే వచ్చే ఖరీదు యంత్రమైనా సూత్రం ఒకటే. పక్కన పది మిల్లీలీటర్ల గొట్టాలు.

ఆ గొట్టాల మూత రంగు చూసుకోవాలి. ఊదా మూత, నీలం మూత గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఉంటుంది. అందులో తీస్తే ఎంతసేపు తిప్పినా గడ్డ రాదు. పీఆర్‌ఎఫ్‌కు కావలసింది ఏ మందూ లేని ఎర్ర మూత గొట్టం, అదీ గాజుది. రక్తం గాజుకు తగలగానే గడ్డకట్టే గొలుసుకట్టు చర్య మొదలవుతుంది, ఇక్కడ మనకు కావలసింది అదే. ప్లాస్టిక్ గొట్టానికి ఆ గుణం లేదు కనుక లోపల సిలికా పొడి పూత వేసి అమ్ముతారు. గడ్డ వస్తుంది, కానీ ఆ సిలికా రేణువులు గడ్డలో కలిసి గాయంలోకి పోతాయేమోనన్న అనుమానం ఉంది. గాజు దొరుకుతుండగా ఆ అనుమానం ఎందుకు?

జబ్బకు పట్టీ కడతారు. మోచేతి మడతలో నరం చూసి, స్పిరిట్ రాసి ఆరనిచ్చి, సీతాకోకచిలుక సూది గుచ్చుతారు. రెక్కల్లాంటి ప్లాస్టిక్ పట్టు ఉంటుంది కనుక ఆ పేరు. ఒక్క పన్ను గుంతకు రెండు గొట్టాలు సరిపోతాయి. పై దవడలో సైనస్ కింద ఎముక పెంచాల్సి వస్తే నాలుగు, ఆరు, ఎనిమిది కూడా తీస్తారు. ఒక్కో గొట్టం ఇరవై, ఇరవై అయిదు సెకన్లలో నిండాలి. నరం సన్నగా ఉండి చుక్క చుక్కగా కారితే ఆ గొట్టం పక్కన పెట్టేయడమే. యంత్రం ఎక్కేలోపే అందులో గడ్డ కట్టేసి ఉంటుంది, కణాలు వేరుపడవు. నిండిన గొట్టాన్ని ఊపకూడదు, తలకిందులు చేయకూడదు. ల్యాబులో పనిచేసి అలవాటైన చెయ్యి తెలియకుండానే గొట్టాన్ని రెండుసార్లు తిప్పేస్తుంది, ఇక్కడ ఆ అలవాటు చెడుపు.

నిండిన గొట్టాలను యంత్రంలో ఎదురెదురుగా పెట్టాలి. గొట్టం ఒక్కటే అయితే ఎదుటి గూట్లో అంతే బరువుకు నీళ్లు నింపిన గొట్టం. లేకపోతే యంత్రం బల్ల మీద గడగడలాడుతుంది, లోపల పొరలూ చెదురుతాయి. సూది తీసినప్పటినుంచి యంత్రం తిరగడం మొదలయ్యేదాకా నిమిషం, మహా అయితే నిమిషమున్నర. ఈ తయారీ మొత్తంలో చెడిపోయేవాటిలో ఎక్కువ భాగం ఇక్కడే చెడిపోతాయి. రక్తం తీసే గది ఒకచోట, యంత్రం మెట్లెక్కితే ఇంకోచోట ఉన్న ఆస్పత్రిలో పీఆర్‌ఎఫ్ సరిగా రాలేదంటే నెపం రక్తం మీద వేయనక్కర్లేదు.

తొలినాటి పద్ధతి నిమిషానికి 2700 చుట్లు, 12 నిమిషాలు. కొందరు 3000 చుట్లు, 10 నిమిషాలు అంటారు. తర్వాత వేగం తగ్గిస్తే తెల్లకణాలు గడ్డ అంతటా పరుచుకుంటాయని 1500 చుట్లు, 14 నిమిషాలు అన్నారు. ఇంకా తగ్గించి 1300 చుట్లు, 8 నిమిషాలు అన్నారు. పుస్తకంలో చుట్ల లెక్క చూసి యంత్రం మీద అదే అంకె నొక్కితే సరిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. కణాల్ని కిందికి లాగేది చుట్లు కాదు, ఆ చుట్ల వల్ల పుట్టే బలం. ఇరుసు నుంచి గొట్టం దాకా ఉన్న దూరాన్ని బట్టి అది మారుతుంది. ఆ దూరం 8 సెంటీమీటర్లున్న యంత్రంలో 2700 చుట్లకు భూమి ఆకర్షణకు దాదాపు 650 రెట్ల బలం వస్తే, 11 సెంటీమీటర్లున్న యంత్రంలో అవే చుట్లకు 900 రెట్లు వస్తుంది. ఒక ఊళ్లో బాగా వచ్చిన గడ్డ ఇంకో ఊళ్లో పలచగా రావడానికి ఇదొక కారణం. కొత్త యంత్రం కొన్నవాళ్లు దాని ఇరుసు దూరం కొలుచుకుని ఆ లెక్కన చుట్లు సవరించుకోవాలి. వాతావరణం కూడా ఓ చెయ్యి వేస్తుంది. చల్లటి గదిలో గడ్డ చిన్నగా వస్తుంది. డిసెంబరు పొద్దున ఏసీ గదిలో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

యంత్రం తిరుగుతుండగా లోపల రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. బరువైన ఎర్రకణాలు అడుక్కు దిగుతాయి, తేలికైన పసుపు ప్లాస్మా పైకి తేలుతుంది. అదే సమయంలో ప్లాస్మాలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్, థ్రాంబిన్ తగిలి, నార పోగుల్లాంటి ఫైబ్రిన్‌గా మారుతుంది. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కిందికి జారుతూ జారుతూ ఆ వలలో చిక్కుకుంటాయి. మందు వేసి ఒక్కసారిగా గడ్డ కట్టిస్తే పోగులు బిర్రుగా, చిక్కగా వస్తాయి. నిదానంగా కడితే వదులుగా, సాగే గుణంతో వస్తాయి. కణాలు చొరబడడానికి ఆ వదులే కావాలి. పీఆర్‌పీలో ప్లేట్‌లెట్లు తమ సరుకులో ఎక్కువ భాగం మొదటి గంటలోనే వదిలేస్తాయి, పీఆర్‌ఎఫ్ వల మాత్రం వారం, పది రోజుల పాటు కొంచెం కొంచెంగా వదులుతుంది.

గడ్డను బయటికి తీయడం

యంత్రం ఆగగానే గొట్టాలు తీసి, మూతలు ఊడదీసి, నిలబెట్టి అయిదు నిమిషాలు వదిలేస్తారు. వెలుతురుకు ఎత్తి చూస్తే మూడు అంతస్తులు. పైన గడ్డి రంగు నీరు, అడుగున ముదురు ఎరుపు, నడుమ వేలెడు పొడవు లేతపసుపు గడ్డ. పట్టకారుతో పట్టి మెల్లగా పైకి లాగితే మొత్తం ఒక్కటిగా వస్తుంది, చివర ఎర్రటి తోక వేలాడుతూ. వేసవిలో తాటి ముంజ తిన్న చేతికి ఈ గడ్డ కొత్తగా ఉండదు. అదే తడి, అదే జారుడు, నొక్కితే అదే సాగుడు.

ఎర్ర తోకను చిన్న కత్తెరతో కోసేయాలి. ఇక్కడొక మెళకువ ఉంది. పసుపు మొదలైన చోట కచ్చితంగా కోసి ఎరుపు అసలే లేకుండా శుభ్రంగా చేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, సరుకు చెత్తబుట్టలో పడుతుంది. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఎక్కువగా గుమిగూడి ఉండేది ఎరుపూ పసుపూ కలిసే ఆ అంచునే. కాబట్టి రెండు మిల్లీమీటర్ల ఎరుపు వదిలిపెట్టి కోయాలి. కొత్తగా నేర్చుకునే పీజీ విద్యార్థి కోసిన గడ్డ తెల్లగా మెరుస్తుంది, చేయి తిరిగినవాళ్లు కోసిన గడ్డ అడుగున ఎర్రగా ఉంటుంది.

కోసిన గడ్డను ఏం చేయాలన్నది దేనికి వాడతామో దాన్ని బట్టి. గుంత లోపలికైతే అలాగే, లేదా ముక్కలు చేసి. పైన కప్పడానికైతే రేకులా నొక్కాలి. స్టీలు పెట్టెలో చిల్లుల పళ్లెం ఉంటుంది. దాని మీద గడ్డలు పరిచి పైన మూత పెడితే, దాని బరువుకే రెండు మూడు నిమిషాల్లో మిల్లీమీటరు మందాన రేకులవుతాయి. చేత్తో ఒత్తనక్కర్లేదు. పెట్టె లేనిచోట తడి గాజుగుడ్డల మధ్య నొక్కుతారు. పని జరుగుతుంది, కానీ ఒకచోట మందం, ఒకచోట పలచన, పైగా పనికొచ్చే రసం గుడ్డ పీల్చుకుంటుంది. పెట్టె అడుగున దిగే ఆ రసాన్ని పారబోయకూడదు. గాయంలో కణాలు అంటుకోవడానికి సాయపడే మాంసకృత్తులు అందులో ఉంటాయి. ఎముక పొడి తడపడానికి సెలైన్ బదులు అదే వాడుకోవచ్చు.

ఎముక పొడి కూడా కలపాల్సి వస్తే ఇంకో గొట్టం పని ఉంటుంది. పూత లేని ప్లాస్టిక్ గొట్టంలో రక్తం తీసి 700 చుట్లు, 3 నిమిషాలు మాత్రమే తిప్పితే పైన నారింజ రంగు ద్రవం మిల్లీలీటరు, మిల్లీలీటరున్నర తేలుతుంది. గడ్డ ఇంకా కట్టి ఉండదు. వెంటనే సిరంజితో లాగి, పొడి మీద, తరిగిన పీఆర్‌ఎఫ్ ముక్కల మీద పోయాలి. కొన్ని నిమిషాల్లో అదంతా అతుక్కుని ఒక్క ముద్దవుతుంది. పట్టకారుతో ఎత్తితే ఒక్క రవ్వ రాలదు. పూర్వం విడి పొడి గుంతలో పోసి, రోగి పుక్కిలించిన నీళ్లలో సగం కొట్టుకుపోవడం చూసి విసిగిన డాక్టర్లకు ఈ ముద్ద పెద్ద ఊరట.

ఏది చేసినా అక్కడికక్కడే, అప్పటికప్పుడే. ఫ్రిజ్‌లో దాచి రేపు వాడే వస్తువు కాదిది. ఆలస్యమైతే ఆరిపోతుంది, ముడుచుకుపోతుంది.

గుంతలో పెట్టడం

ఒక జత చేతులు రక్తం పని చూస్తుండగా ఇంకో జత చేతులు పన్ను పని చూడాలి. మన రైతు దవడ మొద్దుబారింది. వేర్లు విడివిడిగా కోసి, గుంత అంచు ఎముక చిట్లకుండా పన్ను తీశారు. చీముపట్టిన మెత్తటి కండ గుంత అడుగున ఉంటే గోకి తీసేయాలి. ఈ గోకుడే అసలు వైద్యం. చెడు కండ వదిలేసి దాని మీద పీఆర్‌ఎఫ్ పెట్టడం కల్లు కుండను కడగకుండా పాలు పోసినట్టు.

సెలైన్‌తో కడిగాక గుంత గోడలనుంచి తాజా రక్తం ఊరుతూ ఉండాలి. ఊరకపోతే చిన్న బరమాతో అక్కడక్కడ పొడుస్తారు. ఎముకను కట్టే కణాలు వచ్చేది ఆ గోడల్లోంచే, పీఆర్‌ఎఫ్‌లోంచి కాదు. ఈ మాట రోగులకే కాదు, కొన్ని ప్రకటనలు రాసేవాళ్లకూ చెప్పాలి. పీఆర్‌ఎఫ్ ఎముక కాదు. ఎముకగా మారదు కూడా. వచ్చేవాళ్లకు దారి, ఆసరా, కబురు, అంతే. రెండు మూడు వారాల్లో అది కరిగిపోతుంది. దాని చోట ఎముక కట్టుకునేది మన శరీరమే.

గడ్డ ముక్కలు గుంతలో నింపి, మెల్లగా నొక్కి, పైన రేకు కప్పి, చిగురు అంచుల కిందికి దాన్ని దోపి, ఎనిమిది అంకె ఆకారంలో ఒక కుట్టు వేస్తారు. గుంత నోరు పూర్తిగా మూయనక్కర్లేదు. రేకు మీదుగా చిగురు వారం, పది రోజుల్లో పాకి కప్పేస్తుంది. పీఆర్‌ఎఫ్ తనకు వచ్చిన పేరును కచ్చితంగా నిలబెట్టుకునేది ఈ చిగురు విషయంలోనే. నొప్పి తక్కువ, కింది జ్ఞానదంతం తీసిన చోట డ్రై సాకెట్ తక్కువ అని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. ఎముక మందం నిలబెడుతుందా అంటే ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. దవడ బాగా అరిగిన చోట ఉత్త పీఆర్‌ఎఫ్ మీద భరోసా పెట్టకుండా ఎముక పొడితో కలిపి వాడటమే తెలివైన పని.

రక్తం అంటిన సూది తెల్లటి గట్టి డబ్బాలోకి, దూది, గాజుగుడ్డ పసుపు సంచిలోకి, గాజు నీలం డబ్బాలోకి. ఆస్పత్రి చెత్త నిబంధనలు 2016 నుంచి ఇలాగే ఉన్నాయి. తయారీ చక్కగా చేసి చెత్త దగ్గర చేయి దులుపుకునే చోట మిగతా శుభ్రత మీద కూడా నాకు అనుమానమే.

“కాకా, పదిరోజులు బీడీ ముట్టొద్దు.”

“పది రోజులా?”

“ముట్టినవనుకో, నీ రక్తం నీకే పనికిరాదు.”

డాక్టరు అన్నది కొంచెం ఎక్కువే గానీ అబద్ధం కాదు. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. పైగా బీడీ లాగే లాగుడుకు నోట్లో పుట్టే ఒత్తిడి గడ్డను కదిలిస్తుంది. చక్కెర అదుపులో లేకపోతే ఎముక కట్టే కణాలు మందగిస్తాయి, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. మొదటి రోజు ఉమ్మకూడదు, గట్టిగా పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. వారం, పది రోజులకు కుట్లు తీస్తారు. మూడు నాలుగు నెలలకు స్కాన్ తీసి, ఎముక కట్టిందంటే ఇంప్లాంట్.

కాలి ఎముక సంగతి

ఇంత చదివాక, మరి ట్రాక్టరు బోల్తాపడి తొడ ఎముకో పిక్క ఎముకో విరిగినవాళ్లకు ఇది పెట్టరా అని అడగాలనిపిస్తుంది. అక్కడ వాడేది ఎక్కువగా పీఆర్‌పీ. తయారీ వేరు. నీలం మూత గొట్టంలో ఉండే సిట్రేటు లాంటి మందు కలిపి ఇరవై నుంచి అరవై మిల్లీలీటర్ల దాకా రక్తం తీస్తారు. ఒకసారి మెల్లగా తిప్పి ఎర్రకణాలు వేరుచేస్తారు. పై ప్లాస్మాను మళ్లీ గట్టిగా తిప్పి, పైనున్న పలచటి భాగం పారేసి, అడుగున మిగిలిన చిక్కటి భాగం తీసుకుంటారు. అందులో ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు దాదాపు పది లక్షలు ఉండాలని మార్క్స్ పెట్టిన కొలత. వాడే ముందు కాల్షియం క్లోరైడ్ కలిపి మళ్లీ గడ్డకట్టే గుణం తెప్పిస్తారు. తొలినాళ్లలో ఆవు థ్రాంబిన్ కూడా కలిపేవారు. దానివల్ల కొందరి శరీరంలో రక్తం గడ్డకట్టే అంశానికే ఎదురుతిరిగే ప్రతిరక్షకాలు పుట్టడంతో అది మెల్లగా వెనకబడింది.

ఫలితం? 2012లో, వైద్య ప్రయోగాలను పోగుచేసి తూచే కోక్రేన్ సమీక్షకులు పెద్దల పొడవు ఎముకల మీద పీఆర్‌పీ ఏం చేసిందో వెతికితే లెక్కలోకి తీసుకోదగ్గ ప్రయోగం చిన్నది ఒక్కటే దొరికింది. దాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేమన్నారు. అతుకు పడని ఎముకకు ఎముక మజ్జ తీసి చిక్కబరిచి ఎక్కించడం దీనికి దగ్గరి చుట్టం. ఫ్రాన్సులో ఫిలిప్ ఎర్నిగూ 2005లో ప్రకటించిన లెక్క ప్రకారం, పిక్క ఎముక అతుకు పడని 60 మందిలో 53 మందికి అతుకు పడింది. పడనివాళ్ల మజ్జలో మూలకణాలు తక్కువగా ఉన్నట్టు తేలింది. మజ్జ తీసేది తుంటి ఎముక నుంచి, ఆపరేషన్ థియేటర్లో. అదంతా వేరే వ్యాసం.

కట్టు సంగతి కూడా ఒక మాట. ఎముక విరిగితే చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. అక్కడైనా, సిమెంటు కట్టులోనైనా, స్టీలు ప్లేటుతోనైనా ఎముకను అతికించేది ఆ రెండు కొసల మధ్య కదలకుండా నిలిచిన రక్తపు గడ్డే. కొసలు వంకరగా నిలబెడితే వంకరగానే అతుకుతుంది, నిలబెట్టకపోతే అసలే అతకదు. ప్లేటు వేయాల్సిన చోట ఎవరైనా పీఆర్‌పీ ఇంజెక్షన్‌తో సరిపోతుందంటే ఆ మాట నమ్మి డబ్బు పోసుకోకండి.

దవడ విషయంలో మాత్రం అడిగి చేయించుకోదగ్గ పనే ఇది. ఇందులో బయటినుంచి కొనే ఖరీదైన ముడిసరుకు ఏమీ లేదు. గొట్టాలు, సూది, యంత్రం తిరిగిన కరెంటు, చేసినవాళ్ల పనితనం. బిల్లు చూసేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు. మీకు పన్ను పీకే రోజు దగ్గర పడిందా? వాడుతున్న గోలీల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, మూడు నెలల లోపు చేయించిన హెచ్‌బీఏ1సీ కాగితం తీసుకెళ్లండి. బీడీ, తంబాకు వారం ముందే ఆపండి. రక్తం తీసేది ఏ గొట్టంలో, తిప్పేది ఎంతసేపు, ఎముక పొడి కలుపుతారా, కలిపితే అది ఎక్కడిది అని అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే చోట రక్తం ఇవ్వకండి.